ఖంగున మోగిన అడ్డిగె

ఇంటర్నెట్ సెంటర్ షట్టరు సగం లేపానో లేదో ఫోను మోగింది. సర్దార్ కాక పోయాడని, చాయ గ్లాసు చేతిలో ఉండగానే కుర్చీలో పక్కకు ఒరిగిపోయాడని, వాళ్ళ ఎదురింటి వదిన చెప్పింది. అంబులెన్సు జల్దిగానే వచ్చిందట. దవాఖానలో పెద్ద డాక్టరు కూడా ఉన్నాడట. అయినా ఏం లాభం? షట్టరు మళ్ళీ కిందికి గుంజి, తాళం సంగతి మరిచిపోయి నడిచాను. దారిలో నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంట్లో మనిషి నోటి నుంచి ఒక్క మాట కోసం, తిట్టయినా సరే, కాక నెలల తరబడి కాచుకొని కూచున్నాడు. ఆ మాట వినకుండానే పోయాడు. కాక భార్య, మా చిన్నమ్మ మీద అంత కోపం నాకు అంతకు ముందెన్నడూ రాలేదు.

కాక నాకు రక్తసంబంధం కాదు. సెంటినరీ కాలనీలో నేను పుట్టిన క్వార్టరుకూ వాళ్ళ క్వార్టరుకూ నడుమ గోడ ఒకటే. ఆ గోడకు ఇటు చెవి పెడితే అటు పోపు వేసిన చప్పుడు వినిపించేది. పెళ్ళయ్యాక నేను రెండు వీధులు దాటాను, అంతే. కాలనీలో పిల్లలకూ, వాళ్ళకు పుట్టిన పిల్లలకూ కూడా ఆయన సర్దార్ కాకే.

కాక బొగ్గుబాయిలో సర్దార్ పని చేశాడు. బాయి సంగతి తెలియని వాళ్ళ కోసం చెబుతాను. భూమి లోపల బొగ్గు తీసే చోటికి పనివాళ్ళకన్నా ముందు సర్దార్ పోవాలి. చేతికర్రతో పైకప్పును తట్టి, చెవి ఒగ్గి వినాలి. ఖంగున మోగితే కప్పు గట్టిది, పని నడవొచ్చు. మొద్దుగా, డొల్లగా మోగితే లోపల పొర విడిందన్నమాట. అప్పుడు సర్దార్ 'ఎన్కకు రాండ్రి' అంటే ఎంతటివాడైనా చేతిలో పని వదిలి వెనక్కి రావలసిందే. మా నాన్న ఆయన కింద పనిచేశాడు. ఒకసారి కాక అట్లా అందరినీ వెనక్కి పిలిస్తే ఆ షిఫ్టంతా కప్పు చెక్కుచెదరలేదు. బొగ్గు పోయిందని పై ఆఫీసరు చెడామడా తిట్టాడు. తోటివాళ్ళు కూడా నవ్వారు. కాక మాత్రం 'పడకపోతే మంచిదే గదా' అని ఊరుకున్నాడట. ఆ మర్నాడు మొదటి షిఫ్టు వాళ్ళు దిగేలోగా కప్పు పడింది. పని ఆపకుండా తవ్వి ఉంటే వాళ్ళ మీదే పడేదట. మా నాన్న ఇప్పటికీ అరుగు మీద కూచొని బీడీ తాగుతూ నన్ను సతాయిస్తున్నాడంటే అది ఆ మనిషి చెవి పుణ్యం.

రిటైరయినా ఆ చెవికి విశ్రాంతి లేదు. కనబడిన దాన్నల్లా తట్టి చూడవలసిందే. పుచ్చకాయ సరే, అందరూ తడతారు. కాక నీళ్ళ రంజన్ కొనాలన్నా, తలుపు పెట్టించాలన్నా, ఎవరింట్లోనైనా కొత్త గోడ లేచినా తట్టి వినేవాడు. నా సెంటరు మొదలుపెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టాక కంప్యూటర్లను కూడా వేళ్ళతో తట్టి, 'గట్టిగనే ఉన్నయి బిడ్డా' అని దీవించాడు. చిన్నమ్మ ఎగతాళికి అంతుండేది కాదు. పిల్లను చూడడానికి వచ్చినప్పుడు ఎవరూ చూడకుండా తన నెత్తిని కూడా తట్టే ఉంటాడని, డొల్లగా మోగినా మొహమాటానికి ఒప్పుకున్నాడని అందరి ముందూ అనేది. కాక తల వంచుకొని నవ్వేవాడు. వాళ్ళిద్దరి మధ్యా మాటలు అట్లా ఉండేవి. అవి ఆగిపోయాక ఆ క్వార్టరు ఎట్లా ఉందో చూసినదాన్ని కాబట్టి ఇది చెబుతున్నాను.

చిన్నమ్మ పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. బొగ్గు కోసం తవ్విన ఓపెన్‌కాస్ట్ గుంత మింగేసింది. ఇల్లు పోయింది, చేను పోయింది, బస్సు బోర్డు మీద ఊరి పేరు కూడా పోయింది. మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగి కిటికీలు గడగడమంటే 'అగో, మా ఊరు పిలుస్తాంది' అనేది. ఆ ఊరి నుంచి ఆమెతో వచ్చింది వాళ్ళ అవ్వ మెడలోని కెంపుల అడ్డిగె ఒక్కటే. అదీ మిగలలేదు. వయసులో ఉన్నప్పుడు పాత మోటు సొమ్మని, అందరూ సాదా గొలుసులు చేయించుకుంటున్నారని, కాకా ఆమే కలిసి వెళ్ళి కరిగించేశారు. కంసాలి రాళ్ళన్నీ ఊడబీకి, ఇవి పనికిరావని పొట్లం కట్టి చేతిలో పెట్టాడట. కాలనీ పిల్లలు వాటితో గవ్వలాట ఆడి పారేశారు. ఊరు పోయాక ఆమెకు ఆ అడ్డిగె యాదికి రావడం మొదలైంది. పెళ్ళిళ్ళకు పోయి వచ్చిన ప్రతిసారీ 'నా చేతులార కరగవెట్టుకున్న' అనేది. కాకను ఒక్క మాట అనేది కాదు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకునేది.

నా సెంటరుకు పిల్లలు పరీక్షల రిజల్టు కోసం, పెద్దలు రైలు టికెట్ల కోసం వచ్చేవారు. కాక ఒకనాడు వచ్చి, పాత సొమ్ములు కూడా దీంట్లో అమ్ముతారట గదా, కెంపుల అడ్డిగె దొరుకుతదా అని అడిగాడు. అప్పటికి ఆన్‌లైన్ కొనుగోళ్ళు మా దిక్కు కొత్త. చెప్పులు తెప్పించుకోవడానికే జనం భయపడేవాళ్ళు. వద్దు కాకా అన్నాను. వినలేదు. ఇక ప్రతి మధ్యాహ్నం స్టూలు జరుపుకొని నా పక్కన కూచునేవాడు. నేను ఫొటోలు పెద్దవి చేసి చూపిస్తుంటే, తన చూపుడు వేలితో తెరను తట్టబోయి ఆపుకునేవాడు.

నేనూ తక్కువ తినలేదు. పాత సొమ్మును ఎట్లా గుర్తుపట్టాలో చదివి మరీ కూచున్నాను. రాళ్ళన్నీ ఒకే తీరుగా, అచ్చు గుద్దినట్టు ఉంటే అనుమానించాలి. చేత్తో చెక్కిన పాత రాళ్ళు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంటాయి. కొక్కెం దగ్గర అరుగు కనబడాలి. ముందు వైపు మెరుపును కాదు, వెనక వైపు పనిని చూడాలి. వెనక వైపు ఫొటో పంపమని అడిగితే ఒకడు జవాబే ఇయ్యలేదు. ఇంకొకడు పెద్ద కథ రాశాడు, ఏదో సంస్థానం రాణిగారి పెట్టెలోదట. కాక ఆ కథ మొత్తం చదివించుకొని, సొమ్ము గురించి అడిగితే రాణి గురించి చెప్తాడేంటని విసుక్కున్నాడు. అట్లా వడకట్టి వడకట్టి ఒకటి తెప్పించాం. నచ్చకపోతే వారంలోగా తిప్పి పంపే వీలుంది.

అది నల్లబడి, అంచులు అరిగి, చూడ్డానికి పాతగానే ఉంది. చిన్నమ్మకు తెలియకుండా నా సెంటరులోనే విప్పాం. కాక దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి గోటితో తట్టాడు. చెవి దగ్గరికి తెచ్చి మళ్ళీ తట్టాడు. ఆయన ముఖం మారిపోయింది. లోపల డొల్ల ఉన్నదన్నాడు. నేనూ విన్నాను. నిజమే, మట్టిపెడ్డను తట్టినట్టు మొద్దుగా ఉంది చప్పుడు. తిప్పి పంపించాం.

రెండోది వేరే అమ్మకందారు దగ్గర దొరికింది. దానికి ఏదో లాబు వాళ్ళ సర్టిఫికెట్టు కూడా ఉంది. కార్డు మీది నంబరు వాళ్ళ వెబ్‌సైటులో కొడితే, అసలైనదే అని వచ్చింది. కాకకు ఆ కార్డుతో పని లేదు. గోటితో తట్టాడు. ఖంగుమంది. ఒక్కో రాయి పక్కనా తట్టుకుంటూ పోయాడు. ఎక్కడ తట్టినా ఖంగున మోగింది. 'ఇగ పని నడువనియ్యి' అన్నాడు నాతో. బాయిలో కప్పు బాగున్నప్పుడు అనే మాట అది. ఆ సాయంత్రం అడ్డిగె చిన్నమ్మ మెడకెక్కింది. ఆమె అద్దం ముందు నిలబడి మొదట తన ముఖం చూసుకోలేదు, మెడ మాత్రమే చూసుకుంది. తర్వాత 'మా అవ్వ అచ్చం గిట్లనే ఉండె' అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఆ రోజు కాక ముఖం నేను మరిచిపోలేను.

ఇక చూడాలి ఆమె సంబరం. బతుకమ్మ ఆడేటప్పుడు అదే, శుభకార్యాలకు అదే, కూరగాయల సంతకు కూడా అదే. అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ చెప్పేది, సర్దార్ తట్టి చూసి మరీ తెచ్చిండని. కాలనీలో దానికి మించిన సర్టిఫికెట్టు ఏముంటుంది?

తర్వాత కొన్నాళ్ళకు ఆమె తల స్నానం చేస్తుంటే ఒక రాయి ఊడింది. అతికించుకొస్తానని కాక దాన్ని రుమాలులో చుట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. కిటికీ దగ్గర ఎండలో పెట్టి భూతద్దంతో చూశాం. ఎర్రటి రాయి లోపల సన్నటి గుండ్రటి బుడగలు, గోలీ సోడా సీసా గాజులో ఉన్నట్టు. వెనక వైపు పూసిన వెండి రంగు గోటికి లేచొచ్చింది. మర్నాడు అడ్డిగెను కూడా తీసుకొని గోదావరిఖని లక్ష్మీనగర్ బజారులో ముసలి కంసాలి దగ్గరికి పోయాం. ఆయన ఒక్కసారి చేతిలో పట్టుకొని, పోత పోసిన రాగి, పైన పూత, రాళ్ళు గమ్ముతో అతికించారు అని చెప్పేశాడు. కాక నమ్మలేదు. తట్టి చూశానని, ఖంగున మోగిందని వాదించాడు. అప్పుడు కంసాలి జాలిగా చెప్పాడు:

"అన్నా, పాత అడ్డిగె మోగదే. పైన రేకు, లోపల లక్క నింపుతం. తడితే మొద్దుగ వినపడాలె. మోగిందంటెనే అది కొత్త పోత."

మొదట తిప్పి పంపింది అసలుదే కావచ్చునని మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. బతుకంతా ఆ చెవిని నమ్మి వందలమంది లోపలికి దిగారు, పైకి వచ్చారు. మెడలో వేసుకునే సొమ్ము దగ్గర అదే చెవి ఆయన్ను గుంతలో పడేసింది. సెంటరుకు వచ్చి ఆ లాబు వెబ్‌సైటు మళ్ళీ చూశాను. దాని కిందా అమ్మకందారు పేజీ కిందా ఒకే ఫోను నంబరు ఉంది. తిప్పి పంపే గడువు ఎప్పుడో దాటింది. ఆ నంబరు మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు.

చిన్నమ్మకు చెప్పమన్నాను. కరిగించిననాడు ఒకసారి తీసింది చాలని, ఆమె మెడ మీద నుంచి దాన్ని రెండోసారి తన చేత్తో తీయలేనన్నాడు. ఊడిన రాయిని తనే అతికించి, మళ్ళీ ఆమె చేతికిచ్చాడు. అక్కడి నుంచి మొదలైంది ఆయన చెర. ఆమె మెడలో అది కనబడితే ఒక బాధ. పెట్టెలో పెడితే ఎందుకు పెట్టిందోనని ఇంకో బాధ. ఎవరైనా దాని గురించి అడగబోతే పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేవాడు. మెల్లగా దేన్నీ తట్టడం మానేశాడు. పుచ్చకాయల బండి దగ్గర చేతులు వెనక్కి కట్టుకొని నిలబడి, ఏదో ఒకటి ఇయ్యమని అడగడం నేను చూశాను. ఆ రహస్యం నేనూ మోశాను. చిన్నమ్మ సెంటరుకు వచ్చి, ఫొటోలో అడ్డిగె బాగా పడేటట్టు తీయమంటే కెమెరా ఖరాబయిందన్నాను.

చెప్పకుండా ఉంటే ఆ ఇంటి సంగతి ఆ ఇంట్లోనే ఉండేది. కానీ ఎదురింటి వదిన తన బిడ్డ ఓణీల ఫంక్షనుకు అటువంటిదే కావాలని పట్టుబట్టింది. అదే అమ్మకందారు, అదే డిజైను. దానికి తన రెండుపేటల గొలుసు అమ్మడానికి తయారైంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా ఆలోచిస్తున్నారు. నన్ను ఆర్డరు పెట్టమంటే ఒకనాడు కరెంటు లేదన్నాను, ఒకనాడు నెట్టు రావట్లేదన్నాను. నెట్టు రాని ఇంటర్నెట్ సెంటరు ఎందుకు తెరిచావని ఆమె నన్ను బాగానే కడిగింది. చివరికి గొలుసు రుమాలులో కట్టుకొని, గోదావరిఖని బస్సుకు తోడు రమ్మని నన్ను లాక్కుపోతోంది. ఆ ఎదురింటి వాకిట్లోనే చిన్నమ్మ కూచొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మెడలో అడ్డిగె. కాక తన గేటు పట్టుకొని నిలబడ్డాడు.

"మామా, పొయ్యొస్త. అత్తమ్మది నువ్వే తట్టి చూసినవు గదా. గట్టిదే గదా?" అంది వదిన, చిన్నమ్మ మెడ చూపిస్తూ.

కాక చూపు వదిన మీద లేదు, చిక్కుడుకాయల ముందు కూచున్న మనిషి మీద ఉంది. అప్పుడు ఆయన గొంతు, నేను చిన్నప్పటి నుంచి మా నాన్న చెప్పగా విన్న ఆ గొంతు, మెల్లగా వచ్చింది.

"ఎన్కకు రా బిడ్డా. బస్సెక్కకు. అవి సీసపెంకులు. మా ఇంట్లయి గుడ సీసపెంకులే. నాకు ఎర్కనే."

చిన్నమ్మ తల ఎత్తలేదు. చాటలో మిగిలిన కాయలన్నీ ఒలిచింది. తొక్కలు ఒక పక్కకు, గింజలు ఒక పక్కకు చేసి లేచి, ఎవరి ముఖమూ చూడకుండా ఇంట్లోకి పోయింది. సాయంత్రం ఆమె మెడలో పుస్తెలతాడు తప్ప ఇంకేమీ లేదు. వదిన గొలుసు నిలబడింది, మిగతా వాళ్ళూ ఆగిపోయారు. వదిన ఆయన కాళ్ళకు మొక్కింది కూడా. ఆయనకు ఆ మొక్కు అందలేదు.

తర్వాత ఆ క్వార్టరులో అన్నం వేళకు అన్నం, చాయ వేళకు చాయ నడిచాయి. అడ్డిగె మాట మాత్రం ఆమె ఎత్తలేదు. ఎగతాళి లేదు, తిట్టు లేదు, ఏడుపు లేదు. కాక నా స్టూలు మీద కూచొని ఒకసారి అన్నాడు: "తిడితె బాగుండు బిడ్డా. సప్పుడు చేసే కప్పుతోని భయం లేదు, అది చెప్పి పడ్తది. సప్పుడు లేని కప్పే పానం తీస్తది."

ఉండబట్టలేక నేనే చిన్నమ్మను అడిగాను, మంచికే చేశాడు కదా, వదిన మునిగిపోయేది కదా అని. ఆమె బియ్యం ఏరుతూ నిదానంగా అంది: "మంచిదే చేసిండు. కాలనోళ్ళందర్ని ఎన్కకు పిలిచిండు. నన్నొక్కదాన్ని అన్ని దినాలు లోపల్నే ఉంచిండు." ఈ మాట కాకకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన గుంజులాట ఆయనది, ఆమెది ఆమెది, నడుమ ఆ రెండు గదుల క్వార్టరు. అట్లానే ఉండగా ఆ పొద్దున చాయ గ్లాసు కింద పడింది.

పదో రోజు గోదారి ఒడ్డుకు పోయాం. కొత్త రాష్ట్రం వచ్చి ఇంకా నెల తిరగలేదు. చౌరస్తాలో కట్టిన తోరణాలు వానకు తడిసి వేలాడుతున్నాయి. చిన్నమ్మకు ఆఖరిసారి కొత్త చీర కట్టించి, చేతుల నిండా గాజులు వేసి, పెద్ద బొట్టు పెట్టి వ్యాను ఎక్కించారు. అప్పుడు చూశాను, ఆమె మెడలో అడ్డిగె ఉంది. ఎప్పుడు తీసి పెట్టుకుందో తెలియదు. ఎట్లాగూ ఒడ్డున అన్నీ తీసేసేవే కదా అని ఎవరూ ఏమీ అనలేదు. ఆ తీసేటప్పుడు ముత్తైదువలు చూడొద్దంటారు. నన్ను పక్కకు పొమ్మన్నారు. నేను పోలేదు. ఆమె మీది కోపం నాలో ఇంకా పోలేదు, అయినా ఆమెను ఒంటరిగా వదలబుద్ధి కాలేదు.

కాక అక్క ఒకావిడ, భర్త పోయిన మనిషి, ఆ పనికి కూచుంది. గాజులు పగిలాయి. మట్టెలు తీశారు. బొట్టు తుడిచారు. పుస్తెలతాడు తెంపి తీశారు. చిన్నమ్మ అన్నిటికీ బొమ్మలాగా చెయ్యి చాపి ఇచ్చింది, మెడ వంచి ఇచ్చింది. ఆఖరికి ఆవిడ చెయ్యి అడ్డిగె కొక్కెం దగ్గరికి పోతే, చిన్నమ్మ ఆ చేతిని పట్టుకుంది. నెమ్మదిగానే పట్టుకుంది.

"ఇది తియ్యకు వదినె. ఇది సొమ్ము గాదు. మీ తమ్ముడే చెప్పిండు, కాలనంత ఇన్నది. సొమ్మే గానిదాన్ని తీసుడెందుకు?"

అక్కడున్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ అక్క చెయ్యి కొంచెంసేపు అట్లానే గాలిలో ఉండి, వెనక్కి వచ్చింది. నా కోపం ఎటు పోయిందో నాకు తెలియదు, బోరుమని ఏడ్చాను. ఆయన వినవలసిన మాట అదే.

తెల్లచీర చుట్టబెట్టాక చిన్నమ్మ గోదారిలో మునిగి లేచింది. తడిచీర ఒంటికి అంటుకుపోయి, బోసి నుదురుతో, బోసి చేతులతో ఇసుకలో నడుస్తూ ఒడ్డెక్కి వచ్చింది. మెడ మీద ఎర్ర రాళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. వ్యాను ఎక్కే ముందు ఆగి, పక్కకు జరిగిన అడ్డిగెను రెండు చేతులతో పట్టుకొని, పెళ్ళికి పోయే ఆడమనిషి సర్దుకున్నట్టు నడిమికి సర్దుకుంది.